మే మొదటి శనివారం మా డ్రైవ్‌వేలో అందరం కలిసి బీర్ బ్రూ చేద్దామనుకుంటున్నాం, ఎలా ప్లాన్ చేయాలి?

ఫ్రిస్కో_తమ్ముడు (డాలస్ దగ్గర)

అందరికీ నమస్తే. నేను ఇంట్లో బీర్ చేయడం మొదలుపెట్టి కొంతకాలమే అయింది. ఇప్పటిదాకా మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తోనే (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసి అమ్మే పాకం), వంటగది స్టవ్ మీద 5 గ్యాలన్ల చొప్పున చేస్తున్నాను. మా కమ్యూనిటీలో ఇంకో ఇద్దరు తెలుగువాళ్లు, పక్క వీధిలో ఉండే ఒక అమెరికన్ పెద్దాయన కూడా బ్రూ చేస్తారు. ఏటా మే మొదటి శనివారం బిగ్ బ్రూ అని దేశమంతా హోమ్‌బ్రూయర్లు కలిసి బ్రూ చేస్తారు కదా, ఈసారి అది మా డ్రైవ్‌వేలో చేద్దామని నలుగురం అనుకున్నాం. చూడ్డానికి, తినడానికి ఇంకో రెండు మూడు ఫ్యామిలీలు వస్తాయి. సెంట్రల్ టైం మధ్యాహ్నం 12కి అన్నిచోట్లా ఒకేసారి గ్లాసులు ఎత్తుతారట, అది కూడా అందరం కలిసి చేయాలని ఉంది.

పెద్దాయన దగ్గర 15 గ్యాలన్ల కెటిల్ (మరిగించే పెద్ద గిన్నె), ప్రొపేన్ బర్నర్ ఉన్నాయి. నా దగ్గర 10 గ్యాలన్ల కూలర్ (వేడి, చలువ పోకుండా ఉంచే డబ్బా) ఉంది, దాన్ని మాష్ కోసం, అంటే ధాన్యాన్ని వేడి నీళ్లలో నానబెట్టడానికి, మార్చి పెట్టుకున్నాను. ఎవరి కెటిల్ వాళ్లు తెచ్చుకుని ఎవరి బీర్ వాళ్లు చేసుకోవాలా, లేక అందరం కలిసి ఒకటే చేయాలా అన్నది తేలడం లేదు. మే నెలలో టెక్సస్ కుళాయి నీళ్లతో అంత వర్ట్ (పులియకముందు ఉండే తియ్యటి ద్రవం) చల్లారుతుందా అన్నది ఇంకో టెన్షన్. పిల్లలుంటారు. అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చి ఉన్నారు, నాన్న ఉత్సాహంగానే ఉన్నారు కానీ అమ్మ మాత్రం ఇంటి ముందు సారా బట్టీ పెడుతున్నామేమో అని కంగారు పడుతోంది. ఇలా గ్రూపుగా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

గోదారి_గట్టు (హ్యూస్టన్)

బ్రదర్, ఒకే వర్ట్ చేసి పంచుకోండి, నా మాట వినండి. నలుగురు నాలుగు రెసిపీలు పెట్టుకుంటే ఎవరి థర్మామీటర్ వాళ్లు చూసుకుంటూ కూర్చుంటారు, పక్కవాడితో మాట్లాడే తీరికే ఉండదు, నీళ్ల పైపు ఒక్కటే కాబట్టి చివర్లో చిల్లర్ (వర్ట్‌ని చల్లార్చే కాయిల్) కోసం క్యూ కడతారు. అదే ఒకే ధాన్యంతో పెద్ద మాష్ వేసి, వర్ట్‌ను నాలుగు బకెట్లలోకి పంచి, ఎవరి ఈస్ట్ వాళ్లు వేసుకుంటే ఆరు వారాల తర్వాత మళ్లీ కలిసి నాలుగు గ్లాసులు పక్కపక్కన పెట్టుకుని రుచి చూడొచ్చు. ఈస్ట్ ఎంత పని చేస్తుందో అప్పుడు తెలిసినంతగా ఇంకెప్పుడూ తెలియదు.

లెక్క ఇలా వేసుకో. 10 గ్యాలన్ల కూలర్‌లో 20 పౌండ్ల ధాన్యం, పౌండుకి క్వార్టున్నర (క్వార్ట్ అంటే గ్యాలన్‌లో నాలుగో వంతు) చొప్పున 7.5 గ్యాలన్ల నీళ్లు సరిగ్గా పడతాయి, అంతకు మించి పట్టదు. దాంతో 1.048 గ్రావిటీ (వర్ట్‌లో చక్కెర ఎంతుందో చెప్పే కొలత) దగ్గర 10 గ్యాలన్ల బీర్ వస్తుంది. నలుగురికి తలా 5 గ్యాలన్లు కావాలంటే ఇలాంటివి రెండు సెట్లు ఉండాలి, కాబట్టి ఇంకో కూలర్, ఇంకో 15 గ్యాలన్ల కెటిల్ ఎక్కడైనా అరువు అడుగు. మీ వైపు నార్త్ టెక్సస్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్ ఉంది, ఒకసారి వాళ్ల మీటింగ్‌కి వెళ్లి పలకరించు. దొరక్కపోతే 10 గ్యాలన్లే చేసి తలా రెండున్నర తీసుకోండి, నష్టమేం లేదు.

చాలామంది మర్చిపోయేది స్పార్జ్ నీళ్లు, అంటే మాష్ అయ్యాక ధాన్యంలో మిగిలిన తీపిని కడిగి దించే వేడి నీళ్లు. మాష్ నడిచే గంటలో ఇంకో 7 గ్యాలన్ల నీళ్లు ఒక్కో సెట్‌కి వేడి కావాలి, మొదటి వర్ట్ దింపుకోవడానికి కెటిల్ ఖాళీగా ఉండాలి. అంటే నీళ్ల కోసమే విడిగా ఒక బర్నర్, ఒక పెద్ద గిన్నె ఉండాలి. అది లేక గంటల తరబడి ఆలస్యమైన బ్రూ డేలు నేను చూశాను. ప్రొపేన్ సిలిండర్ ఒక్కో బర్నర్‌కి ఒకటి, పైన ఒకటి నిండుది అదనంగా. నీళ్లు ముందు రోజు రాత్రే పట్టి పెట్టుకో. కుళాయి నీళ్లలో క్లోరమిన్ (నీటి శుద్ధికి కలిపే క్లోరిన్ మందు) ఉంటే బీరుకి బ్యాండ్‌ఎయిడ్ వాసన వస్తుంది, 20 గ్యాలన్లకి ఒక క్యాంప్‌డెన్ టాబ్లెట్ పొడి చేసి కలిపితే ఆ బాధ ఉండదు.

చల్లార్చడం గురించి. మే మొదట్లో మన కుళాయి నీళ్లు 70 డిగ్రీల ఫారెన్‌హీట్ పైనే ఉంటాయి. రాగి కాయిల్ చిల్లర్‌తో 90, 85 దాకా బాగానే దిగుతుంది, అక్కణ్ణుంచి కదలదు. అప్పుడు కుళాయి పైపు తీసేసి, ఐస్ కూలర్‌లో చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు వేసి ఆ చల్లటి నీళ్లు కాయిల్‌లో తిప్పు. ఐస్ మొదట్నుంచీ వాడితే వృథా, చివరి 20 డిగ్రీల కోసం దాచుకో. మొదట బయటికొచ్చే వేడి నీళ్లు బకెట్లలో పట్టుకుంటే సామాన్లు కడగడానికి పనికొస్తాయి.

12కి గ్లాసు ఎత్తాలంటే ఏడున్నరకే బర్నర్ వెలగాలి. ఎనిమిదింపావుకి మాష్, తొమ్మిదింపావు నుంచి వర్ట్ దింపడం, పదిన్నర లోపు మరుగు. అలా అయితే 12 అయ్యేసరికి మంట ఆగి చిల్లర్ తిరుగుతూ ఉంటుంది, అందరి చేతులూ ఖాళీగా ఉంటాయి.

న్యూజెర్సీ_మావయ్య

పైన చెప్పిన లెక్కలతో నాకు పేచీ లేదు కానీ ఒకే వర్ట్ అనేదాంతో పూర్తిగా ఒప్పుకోను. పెద్ద సెట్ ఒక్కటే ఉన్నప్పుడు ఇద్దరు పని చేస్తారు, మిగతావాళ్లు కుర్చీల్లో కూర్చుంటారు. మొదటిసారి వచ్చినవాడికి కెటిల్ దగ్గర నిలబడి తన చేత్తో హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) వేసుకుంటేనే మనసు అంటుకుంటుంది. ఎప్పుడూ బ్రూ చేయనివాళ్లు ఎవరైనా వస్తుంటే వాళ్ల కోసం పక్కన ఒక చిన్న 1 గ్యాలన్ బ్యాచ్ పెట్టు, బట్ట సంచిలో రెండు పౌండ్ల ధాన్యం, ఇంట్లో ఉండే పెద్ద గిన్నె, అంతే చాలు. సంచి పైకి ఎత్తితే పిప్పి అందులోనే ఉండిపోతుంది, స్పార్జ్ గొడవ లేదు. ఆ బ్యాచ్ మొత్తం కొత్తవాళ్లకే వదిలెయ్, నువ్వు పక్కన నిలబడి చెప్పు, చేయి పెట్టకు.

పెద్ద కెటిల్ దగ్గర మాత్రం పనులు ముందే పంచు. హాప్స్ టైమర్ ఒకరిది, శానిటైజర్ ఒకరిది, రీడింగులు రాసేది ఒకరు. పొంగు రాకుండా చూసేది ఒకరు, వాళ్లు మరుగు మొదలైన పది నిమిషాలు అక్కణ్ణుంచి కదలకూడదు. నీళ్లు చిలకరించే స్ప్రే సీసా ఒకటి చేతిలో ఉంటే పొంగు అక్కడే దిగిపోతుంది. శానిటైజర్ దగ్గర ఉండేవాడే ఆ రోజు ముఖ్యమైన మనిషి, స్టార్ శాన్ 5 గ్యాలన్లకి 1 ఔన్స్ కలిపి బకెట్ నిండా పెట్టమను, మరుగు ఆగాక వర్ట్‌ని తాకే ప్రతి వస్తువూ అందులోంచే రావాలి.

బెజవాడ_అక్క (ఆస్టిన్)

తమ్ముడూ, పిల్లలున్నారన్నావు కాబట్టి నేను ఆ సంగతే చెప్తాను. బర్నర్లు కాంక్రీట్ మీదే పెట్టు, చెక్క డెక్ మీద వద్దు. గాలికి మంట ఆగడం లేదనో వాన వచ్చిందనో గ్యారేజీలోకి మాత్రం జరపకండి, తలుపు తెరిచి ఉన్నా సరే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. డ్రైవ్‌వే మీద సుద్దతో బర్నర్ల చుట్టూ పెద్ద గీత గీసి, అది దాటి పిల్లలెవరూ రాకూడదని మొదట్లోనే చెప్పేయాలి. మరిగే వర్ట్‌లో చక్కెర ఉంటుంది, ఒంటి మీద పడితే అంటుకుపోయి నీళ్లకంటే ఎక్కువ కాలుతుంది. కెటిల్ దగ్గర పనిచేసేవాళ్లు చెప్పులు వేసుకుని రాకూడదు, బూట్లు ఉండాల్సిందే.

తాగడం విషయంలో మా గ్రూపులో పద్ధతి ఏమిటంటే, మంట ఆర్పేదాకా బ్రూ చేసేవాళ్లెవరూ సీసా మూత తీయరు. ఇందులో నేను ఎవరినీ మినహాయించను. 12కి గ్లాసు ఎత్తేటప్పటికి బర్నర్లు ఆగి ఉండాలన్న హ్యూస్టన్ అన్న మాట అందుకే నాకు నచ్చింది. కారు నడిపి వెళ్లేవాళ్లు ఎవరో కూడా ముందే తేల్చుకోండి.

వర్ట్ ఇళ్లకి తీసుకెళ్లడానికి గాజు కార్‌బాయ్‌లు (పెద్ద సీసాలు) వద్దు, ప్లాస్టిక్ బకెట్లు తెమ్మను. 5 గ్యాలన్ల వర్ట్ 44 పౌండ్ల దాకా బరువుంటుంది, తడి చేతుల్లోంచి గాజు జారితే గాయం మామూలుగా ఉండదు. ఈస్ట్ మీ దగ్గరే వేసేసి మూత బిగించి పంపితే దారిలో కుదుపులకి ఆక్సిజన్ కూడా బాగా కలుస్తుంది.

పిప్పి 40 పౌండ్ల పొడి ధాన్యానిది అంటే తడిసి కుప్ప అవుతుంది, టెక్సస్ ఎండకి మర్నాటికే పులిసి వాసన కొడుతుంది. అదే రోజు కంపోస్ట్‌కో, కోళ్లు పెంచేవాళ్లకో పంపేయ్. కుక్కలున్న ఇల్లయితే కెటిల్ అడుగున మిగిలే హాప్స్ మడ్డి వాటికి అందకుండా చూడు, హాప్స్ కుక్కలకి విషం. హాప్స్ తగలని మాష్ పిప్పితో కుక్క బిస్కెట్లు చేస్తారు, దానికి భయం లేదు.

ఇక అమ్మగారి సంగతి. ఆవిడ్ని లోపల కూర్చోబెట్టకు. మాష్ మూత తీసినప్పుడు దగ్గరికి పిలువు, అచ్చం హార్లిక్స్ డబ్బా తెరిచినట్టు ఉంటుంది ఆ వాసన, హార్లిక్స్‌లోనూ ఉండేది ఈ మొలకెత్తించిన బార్లీనే కదా. హాప్స్ వేయకముందు తియ్యటి వర్ట్ ఒక చిన్న గ్లాసు చల్లార్చి ఇవ్వు, అందులో ఆల్కహాల్ ఏమీ ఉండదు, పిల్లలూ తాగొచ్చు. సారా అంటే పులిసినదాన్ని ఆవిరి పట్టి దించడం, మనం ఇక్కడ అదేం చేయడం లేదని కళ్లతో చూస్తే ఆవిడకే అర్థమవుతుంది.

కూకట్‌పల్లి_కుర్రోడు

చదువుతుంటే ఆశగా ఉంది. హైదరాబాద్‌లో మా ఫ్లాట్ టెర్రస్ మీద ఇలా నలుగురం కలిసి చేసుకోవచ్చా? చట్టం సంగతి ఎవరైనా చెప్తారా?

గోదారి_గట్టు (హ్యూస్టన్)

తమ్ముడూ, వద్దు. అక్కడ 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా ఏ మద్యం తయారుచేసినా నేరమే, సొంతానికి చేసుకున్నామంటే కుదరదు. ఇక్కడ కూడా ఈ స్వేచ్ఛ మొదట్నుంచీ ఉన్నది కాదు. 1978 అక్టోబర్‌లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇంట్లో బీర్ చేసుకోవడానికి ఫెడరల్ పన్ను మినహాయింపు వచ్చింది, ఒకే పెద్దవారున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకుమించి ఉంటే 200. అమ్మకూడదు. ఆ తర్వాత కూడా ఒక్కో రాష్ట్రం ఒప్పుకోవాల్సి వచ్చింది, అలబామా, మిసిసిపీ 2013 దాకా ఆగాయి. ఆ 1978లోనే చార్లీ పాపజియన్, చార్లీ మాట్జెన్ కలిసి కొలరాడోలోని బౌల్డర్‌లో అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్ పెట్టారు, ఈ బిగ్ బ్రూ నడిపేది వాళ్లే. 1988లో కాంగ్రెస్ ముందు మే 7ని నేషనల్ హోమ్‌బ్రూ డేగా ప్రకటించారు, బిగ్ బ్రూ మే మొదటి శనివారం రావడం అందుకే. ఫ్రిస్కో తమ్ముడూ, నలుగురూ తలా 5 గ్యాలన్లు వాళ్ల వాళ్ల ఇళ్లకి తీసుకెళ్తున్నారు కాబట్టి లెక్క ఎవరి ఇంటిది వాళ్లదే. వచ్చినవాళ్ల దగ్గర డబ్బు మాత్రం తీసుకోకు, ధాన్యం ఖర్చు మీ నలుగురే పంచుకోండి.

ఫ్రిస్కో_తమ్ముడు (డాలస్ దగ్గర)

అందరికీ చాలా థాంక్స్. రెండో కెటిల్, బర్నర్ పెద్దాయన స్నేహితుడు ఇస్తానన్నారు, కూలర్ కొంటున్నాను. ఒకే వర్ట్ నాలుగు ఈస్ట్‌లు అన్నదానికే వస్తున్నాం, పక్కన కొత్తవాళ్ల కోసం చిన్న సంచి బ్యాచ్ కూడా ఉంటుంది. ఎండల్లో తాగేలా తేలికైన గోధుమ బీర్ అనుకుంటున్నాం. మన ఇండియన్ స్టోర్ సరుకు ఏదైనా అందులోకి పనికొస్తుందా?

బెజవాడ_అక్క (ఆస్టిన్)

పనికొస్తుంది, అందులో రెండు నిజంగా మంచివి. ఒకటి ధనియాలు. బెల్జియన్ విట్ (గోధుమ) బీర్‌లో నారింజ తొక్కతో పాటు వేసేది అవే. మన ఇండియన్ ధనియాలు కోలగా, నిమ్మ వాసనతో ఉంటాయి, విట్ కోసం అమెరికన్ బ్రూయర్లు కూడా వాటినే వెతుక్కుంటారు. 10 గ్యాలన్లకి 1 ఔన్స్, అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచి మరుగు ఆపడానికి ఐదు నిమిషాల ముందు వేయి. ఆ దంచే పని మీ అమ్మగారికి ఇవ్వు. పొడి డబ్బా వద్దు, దాంట్లో వాసన మిగిలి ఉండదు.

రెండోది అటుకులు. బియ్యం మామూలుగా వేస్తే విడిగా ఉడికించాలి, అటుకులు ముందే ఉడికి అణిగి ఉంటాయి కాబట్టి నేరుగా మాష్‌లో కలిపేయొచ్చు. ఒక్కో కూలర్‌కి 10 పౌండ్లు పిల్స్‌నర్ మాల్ట్, 8 పౌండ్లు గోధుమ మాల్ట్, 2 పౌండ్లు పల్చటి అటుకులు. గోధుమకి పొట్టు ఉండదు, జిగురు కట్టి వర్ట్ దిగడం ఆగిపోతుంది, అందుకని కూలర్‌కి 1 పౌండ్ వరి ఊక తడిపి కలపాలి, అది హోమ్‌బ్రూ షాపులోనే తీసుకో. నీళ్లు 165 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పోస్తే మాష్ 152కి దిగి నిలుస్తుంది, గంట ఉంచు. హాప్స్ 5 శాతం ఆల్ఫా (చేదునిచ్చే ఆమ్లం) ఉన్నవి కెటిల్‌కి ఔన్సున్నర, మరుగు మొదట్లోనే, అంతే. చేదు ఎక్కువైతే ధనియాల వాసన కనబడదు.

ఈస్ట్‌లలో ఒకరు బెల్జియన్ విట్, ఒకరు యూఎస్-05 (మామూలు అమెరికన్ ఏల్ ఈస్ట్), ఒకరు జర్మన్ గోధుమ ఈస్ట్ తీసుకోండి, దాంతో అరటిపండు, లవంగం వాసన వస్తుంది. ఇంట్లో బీర్ కోసం విడిగా ఫ్రిజ్ లేనివాళ్లకి నార్వే క్వైక్ ఈస్ట్ ఇవ్వండి, వాస్ రకమైతే 90 డిగ్రీల దగ్గర కూడా హాయిగా పులుస్తుంది, నారింజ వాసన ఇస్తుంది. ఆ బకెట్‌కి చివరి ఐస్ కూడా అక్కర్లేదు కాబట్టి దాన్ని ముందు నింపేసి, మిగతా మూడింటికి ఐస్ వాడుకోండి.