మన గ్రంథాలయం పోటీ పరీక్షల వాళ్లకేనా? మిగతా పాఠకులు ఎక్కడ కూర్చోవాలి?

కాలువగట్టు:
మన ఊరి శాఖా గ్రంథాలయంలో నేను ముప్పై ఏళ్లుగా సభ్యుణ్ణి. సోమవారం తలుపు తీసిన పది నిమిషాలకు వెళ్లాను. ప్రతి కుర్చీ మీదా ఒక చేతిరుమాలో, నీళ్ల సీసానో, జనరల్ స్టడీస్ పుస్తకమో ఉంది. మనుషులు మాత్రం ఎదుటి కొట్టు దగ్గర టీ తాగుతున్నారు. పత్రికల బల్లను గోడవారకు నెట్టేశారు. అక్కడే నిలబడి పత్రిక చదువుకుని వచ్చేశాను. పిల్లల విభాగం ఎప్పుడో పోయింది. నవలల బీరువాలకు తాళం వేసి ఉంది. ప్రజలందరి గ్రంథాలయాన్ని ఒక్క వర్గానికి అప్పగించడం న్యాయమేనా?

రెండోసారి:
అయ్యా, ఆ చేతిరుమాళ్లలో ఒకటి నాదే. గ్రూప్-2కు రెండోసారి చదువుతున్నాను. మా గదిలో నలుగురం ఉంటాం. ఒకతను రాత్రి పని చేసి వచ్చి పగలంతా నిద్రపోతాడు, లైటు వేసే వీలుండదు. ప్రైవేటు స్టడీ హాలులో కూర్చోవాలంటే నెలకు వెయ్యి కట్టాలి. తాపీపని చేసే మా నాన్నను ఆ వెయ్యి అడగడానికి నోరు రాదు. ఆ కుర్చీ కోసమే ఆరున్నరకే గేటు దగ్గర వరుసలో నిలబడతాను. హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నిండా మాలాంటివాళ్లే. అక్కడ తప్పు కానిది ఇక్కడ తప్పెలా అయింది?

నిశ్శబ్దం:
చదువుకోనివ్వండి పాపం.

పన్నురసీదు:
ఒక్క సంగతి తేల్చండి. ఇంటి పన్ను రసీదులో గ్రంథాలయ పన్ను అని వేరే వరుస ఉంటుంది. ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. నాకు ఆస్తి పన్ను 2,400 అయితే గ్రంథాలయ పన్ను 192 పడింది. ఇల్లున్నవాళ్లం కడుతున్నాం. పొరుగూళ్ల నుంచి వచ్చి గదుల్లో ఉండేవాళ్లు ఏమి కడుతున్నారు?

రెండోసారి:
అద్దె కడుతున్నాం. పన్ను పెరిగిందని చెప్పే మా ఇంటి యజమాని ఏప్రిల్ నుంచి నెలకు రెండు వందలు పెంచారు.

పన్నురసీదు:
అద్దె వేరు, పన్ను వేరు. రసీదు ఎవరి పేరున ఉంటే వాళ్లే కట్టినట్టు.

బడిపంతులమ్మ:
అలాగైతే నాకూ మా అత్తగారికీ కూడా గ్రంథాలయంలో చోటు లేదన్నమాట. మా ఇంటి రసీదు మామగారి పేరున ఉంది.
నా బాధ వేరు. మా అబ్బాయి నాలుగో తరగతి. వేసవి సెలవుల్లో తీసుకెళ్లాను. బొమ్మల కథ ఒకటి దొరికితే మురిసిపోయి పైకి చదవడం మొదలుపెట్టాడు. ఆ వయసు పిల్లలు పైకే చదువుతారు. నాలుగు వైపుల నుంచి పెద్దవాళ్లు తలెత్తి కసురుకున్నారు. వాడు పుస్తకం మూసి నా చీర చెంగు పట్టుకున్నాడు. మళ్లీ రమ్మంటే రానన్నాడు.

కాలువగట్టు:
అమ్మా, నేను చెప్పేదీ అదే. గ్రంథాలయోద్యమం ఎందుకు పుట్టింది? 1914లో బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిపి, ఆ పైన అయ్యంకి వెంకట రమణయ్య గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఊరూరా తిరిగింది పరీక్షల కోసం కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పంపించారు. పల్లెల వాళ్లు గట్టు మీదికి వచ్చి పుస్తకం తీసుకునేవారు. పుస్తకమే మనిషిని వెతుక్కుంటూ వెళ్లేది. ఇప్పుడు మనిషి వెళ్లినా పుస్తకం దొరకడం లేదు.

రెండోసారి:
ఆ చరిత్ర మేమూ చదివాం. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు. నిజాం ఏలుబడిలో తెలుగువాడికి అక్కడ పుస్తకంతో పాటు కూర్చునే చోటు, తనలాంటి మరొకడు దొరికారు. కూర్చునే చోటు కూడా గ్రంథాలయమే.

కాలువగట్టు:
మీరు ఆ గ్రంథాలయం పుస్తకం ఒక్కటైనా ముట్టుకున్నారా? పుస్తకాలు ఇంటి నుంచి తెచ్చుకుంటారు, ఫ్యాను కింద కూర్చుంటారు, సాయంత్రం లేచి వెళ్తారు. దానికి గ్రంథాలయం ఎందుకు, రైలు స్టేషను చాలదా?

రెండోసారి:
మీకు పొద్దుపోక వస్తారు. మాకు పొద్దు చాలక వస్తాం. పింఛను తీసుకుంటూ కుర్చీ కోసం మాతో పోటీ పడడానికి మనసెలా వచ్చింది?

వేటపాలెం మనవడు:
ఇద్దరూ కాస్త నిదానించండి. మా అమ్మమ్మగారి ఊళ్లో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ దూరాల నుంచి వస్తారు. పాతవి దాచిపెట్టారు కాబట్టే వస్తున్నారు.

కాలువగట్టు:
పొద్దుపోక అన్నావు కాబట్టి చెబుతున్నాను, విను. మా నాన్నగారు బడిపంతులు. జీతం రాళ్లలో కొన్న పుస్తకాలు 312. ప్రతి పుస్తకం మొదటి పేజీలో ఊదా సిరాతో సంతకం, కొన్న తేదీ ఉంటాయి. ఆయన పోయాక 2011లో అన్నీ గ్రంథాలయానికి ఇచ్చాను. ఒక బీరువా నిండా పెట్టారు. నేను వెళ్లినప్పుడల్లా అద్దంలోంచి చూసుకునేవాణ్ణి. రెండేళ్ల కిందట మీ అందరికీ కుర్చీలు చాలడం లేదని బీరువాలు తీయించి హాలు వెడల్పు చేశారు. పుస్తకాలు గోనె సంచుల్లో వేశారట. మూడుసార్లు అడిగాను, ఎక్కడ పెట్టారో చెప్పినవారు లేరు. కుర్చీ లేకపోతే నిలబడగలను తమ్ముడూ. నా గొడవ కుర్చీ కోసం కాదు.

నిశ్శబ్దం:
ఈ మాట మొదటే చెప్పవలసింది మాస్టారూ.

రెండోసారి (మర్నాడు):
పెద్దాయనా, నిన్నటి మాటకు క్షమించండి. పొద్దున తలుపు తీయగానే గ్రంథపాలకుణ్ణి అడిగాను. మెట్ల కింద సామాను గది తీసి చూపించారు. పదకొండు సంచులు ఉన్నాయి. అడుగున ఉన్న రెండు తడిశాయి, ఒకదానికి చెద పట్టింది. పైన ఉన్న సంచి మూతి విప్పి ఒక పుస్తకం తీశాను. ఊదా సిరా కాస్త గోధుమ రంగులోకి తిరిగింది కానీ సంతకం తెలుస్తోంది. తేదీ 14-1-1962. సంక్రాంతి రోజు కొన్నట్టున్నారు.
ఇంకో నలుగురం కలిసి పొడిగా ఉన్న తొమ్మిది సంచులూ బల్లల మీదికి చేర్చాం. తడిసినవి ఎండలో పెట్టాం. బీరువాలు అడిగితే డబ్బు రావడం లేదన్నారు. ఆయన ఒక్కరే మూడు శాఖలు చూస్తున్నారట.
నా కుర్చీ మాత్రం వదలలేను. పరీక్ష దగ్గర పడింది.

కాలువగట్టు:
ఆ సంక్రాంతికి మా అమ్మ చీర అడిగితే నాన్న పుస్తకం తెచ్చారని ఇంట్లో చెప్పుకునేవారు. అదే అయి ఉంటుంది. రేపు వస్తాను.
కుర్చీ వదలమని నేను అననయ్యా. మనిషి లేని కుర్చీ మీద రుమాలు మాత్రం తీయించండి. పుస్తకాల బీరువా లేని హాలును గ్రంథాలయమని నేను ఒప్పుకోను. ఆ మాట మారదు.

బడిపంతులమ్మ:
పిల్లలకు సాయంత్రం ఒక గంట, ఏ మూలైనా సరే. ఇది కూడా గ్రంథపాలకుడికి చెప్పండి.

పన్నురసీదు:
డబ్బు రావడం లేదంటే నా 192 ఎక్కడికి పోయింది? 1960 నాటి చట్టం ప్రకారం పురపాలక సంఘం ఆ పన్ను వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అయిదేళ్లలో వసూలు ఎంత, జమ ఎంత అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడతాను. నేనే పెట్టాలి, రసీదు నా పేరున ఉంది.

రెండోసారి:
ఆ దరఖాస్తుకు రసీదు అక్కర్లేదండీ, దేశ పౌరుడైతే చాలు. పది రూపాయల ఫీజు. నేనూ ఒకటి పెడుతున్నాను.