డ్రై ఐకి కన్నీటి రంధ్రాల్లో ప్లగ్స్: పెట్టించుకోవాలా, ఆగాలా?

నైట్‌షిఫ్ట్ (హైదరాబాద్):

అందరికీ నమస్కారం. నా వయసు 36, ఉద్యోగం అంతా స్క్రీన్ ముందే. ఏడాది నుంచి కళ్ళు మండుతున్నాయి. సాయంత్రమయ్యేసరికి ఇసుక పడ్డట్టు గరగరలాడతాయి, ఏసీ కింద కూర్చుంటే ఇంకా ఎక్కువ. అదే బండి మీద వెళ్తుంటే మాత్రం నీళ్ళు ధారగా కారతాయి. డ్రాప్స్ వేసుకున్న గంటకే మళ్ళీ మొదలు. ఒక డాక్టరుగారు కింది రెప్పల్లో ఉండే కన్నీటి రంధ్రాలకి సిలికాన్ ప్లగ్స్ (చిన్న బిరడాలు) పెడదాం, ఐదు నిమిషాల పని అన్నారు. ఇంకోచోట చూపిస్తే ఇప్పుడే వద్దు, ముందు రెప్పల సంగతి చూడాలి అన్నారు. రిపోర్టులో షిర్మర్ (కన్నీరు ఎంత ఊరుతుందో చూసే కాగితం పరీక్ష) కుడి 14, ఎడమ 12 మి.మీ., టీబీయూటీ (కన్నీటి పొర ఎంతసేపు నిలుస్తుందో చూసేది) 4 సెకన్లు అని రాసి ఉంది. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. పెట్టించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి.

గోదావరిగట్టు (రాజమండ్రి):

పెట్టించుకోండి. మా అమ్మకి కీళ్ళవాతంతో పాటు షోగ్రెన్స్ అనే జబ్బు ఉంది. నోట్లో లాలాజలం ఉండదు, కంట్లో నీరు ఉండదు. షిర్మర్ కాగితం రెండు మి.మీ. కూడా తడవలేదు. పొద్దున్నే రెప్పలు అంటుకుపోయి, తడిగుడ్డ అద్దుకుంటూ కూర్చుంటే గానీ కళ్ళు తెరవలేకపోయేది. ముందు కింది రెండు రంధ్రాలకి, తర్వాత పై రెండింటికి ప్లగ్స్ పెట్టారు. ఇప్పుడు పేపరు తనే చదువుకుంటోంది. డ్రాప్స్ మానలేదు గానీ, పక్కమీద కూడా సీసా పట్టుకుని పడుకోవాల్సిన అవస్థ తప్పింది. వద్దని చెప్పేవాళ్ళకి ఆ బాధ ఎలా ఉంటుందో తెలియదు.

రెప్పచాటు (ఆప్టోమెట్రిస్ట్, విజయవాడ):

గోదావరిగట్టు గారూ, మీ అమ్మగారికి చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైన పని. అదే పని నైట్‌షిఫ్ట్ గారికి ఇప్పుడు చేయడం సరికాదని నా అభిప్రాయం. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

అద్దం ముందు నిలబడి కింది రెప్పని ముక్కు వైపు మూల దగ్గర కొంచెం కిందికి లాగి చూడండి. అంచుమీద చిన్న బుడిపె, దాని నడుమ సూది మొనంత రంధ్రం కనిపిస్తుంది. పై రెప్పకీ అలాంటిదే ఉంటుంది. రెప్ప ఆర్పినప్పుడల్లా కన్నీరు ఆ రంధ్రాల్లోంచి సన్నటి గొట్టాల్లోకి, అక్కణ్ణుంచి ఒక సంచిలోకి, చివరికి ముక్కులోకి పోతుంది. డ్రాప్స్ వేసుకున్నాక గొంతులో చేదు తగిలేది అందుకే. వెనకటికి ఈ రంధ్రాలని కాల్చి శాశ్వతంగా మూసేసేవారు. 1975లో ఫ్రీమన్ అనే అమెరికన్ వైద్యుడు సిలికాన్ ప్లగ్ తెచ్చాక, అవసరం లేకపోతే తీసేసే వీలు కలిగింది. రంధ్రం కొలత చూసి, మత్తు చుక్క వేసి, లోపలికి నొక్కుతారు. పైన చిన్న టోపీ కనిపిస్తూ ఉంటుంది, తీయాలంటే ఫోర్సెప్స్‌తో దాన్ని పట్టుకుని లాగేయవచ్చు.

ప్లగ్ అనేది కంట్లో ఉన్న కన్నీటిని పోనివ్వకుండా ఆపుతుంది. అంతకుమించి అది చేసేదేమీ లేదు. షిర్మర్‌లో కాగితాన్ని రెప్పలో పెట్టి ఐదు నిమిషాల్లో ఎంత తడిసిందో చూస్తాం. ఐదు మి.మీ. లోపుంటే నీరు బాగా తక్కువని అర్థం, పది దాటితే మామూలుగా సరిపోతుందంటాం. నైట్‌షిఫ్ట్ గారికి 14, 12. నీటికి కొరత లేదు. కానీ టీబీయూటీ 4 సెకన్లు. పసుపు రంగు వేసి, రెప్ప ఆర్పకుండా ఉంచితే కన్నీటి పొర ఎంతసేపటికి చిట్లిందో చెప్పే లెక్క అది. పది సెకన్లు కూడా నిలవకపోతే మామూలు కాదు. నీరుండీ పొర నిలవడం లేదంటే, ఆ నీరు ఆరిపోకుండా పైన పరుచుకోవాల్సిన నూనె సరిగా లేదన్నమాట. ఆ నూనె రెప్ప అంచున వరుసగా ఉండే మైబోమియన్ గ్రంథుల్లోంచి వస్తుంది. రెప్పని వేలితో నొక్కితే తేటగా జారాల్సిన నూనె, గ్రంథులు మూసుకుపోయినవాళ్ళకి టూత్‌పేస్టులా గట్టిగా వస్తుంది. మా దగ్గరికి వచ్చే కంప్యూటర్ ఉద్యోగుల్లో ఇది చాలా తరచుగా చూస్తాను. స్క్రీన్ చూస్తూ రెప్ప ఆర్పడం తగ్గిపోతుంది, ఆర్పినా సగమే ఆర్పుతారు.

బండిమీద నీళ్ళు కారడం కూడా దీనివల్లే. గాలికి పొర ఆరి కన్ను ఒరుసుకుంటే, మెదడు కన్నీటి గ్రంథి చేత ఒక్కసారిగా నీరు వదిలిస్తుంది. అది పోయే దారి కూడా ప్లగ్‌తో మూసేస్తే చెంపలమీదికి కారడం ఇంకా పెరుగుతుంది.

ఇంకొకటి, డాక్టర్లలో అసలు వాదన ఉన్నది ఇక్కడే. పొడి కంట్లో లోలోపల వాపు ఉంటుంది, ఆ వాపు పుట్టించే పదార్థాలు కన్నీట్లో కలుస్తాయి. దారి మూస్తే అవీ కంట్లోనే నిలుస్తాయి. అందుకని ముందు సైక్లోస్పోరిన్ చుక్కలతోనో, కొన్నాళ్ళు డాక్టర్ కనిపెట్టి చూస్తూ ఇచ్చే తేలికపాటి స్టెరాయిడ్‌తోనో వాపు తగ్గించి ఆ తర్వాతే ప్లగ్ పెట్టాలనేవాళ్ళు చాలామంది. నేనూ ఆ పక్షమే. కన్నీటి పొర మీద పనిచేసే టీఎఫ్ఓఎస్ అనే సంస్థ 2017లో తెచ్చిన అంతర్జాతీయ నివేదిక కూడా వేడి కాపడం, రెప్పల శుభ్రత, మామూలు డ్రాప్స్ మొదటి మెట్టులో పెట్టి, ప్లగ్స్‌ని రెండో మెట్టులో చేర్చింది.

గోదావరిగట్టు:

వాపు తగ్గాక అంటే ఎప్పుడండీ? అమ్మకి సైక్లోస్పోరిన్ వేస్తే కన్ను భగ్గున మండేది, గుణం కనపడడానికి నెలలు పడుతుందన్నారు. ఈలోగా నల్లగుడ్డు మీద పోగులు కట్టి, రెప్ప ఆర్పినప్పుడల్లా అవి లాగేస్తుంటే కన్ను మూసుకుని ఏడ్చేది. అప్పుడు కూడా ఆగమంటారా? పుస్తకంలో మెట్లు రాసుకున్నంత తేలిక కాదు.

రెప్పచాటు:

ఆగమనను. నీరు అంత తక్కువగా ఉండి నల్లగుడ్డు దెబ్బతింటుంటే, వాపుకి మందు వేస్తూనే ప్లగ్ కూడా పెట్టే డాక్టర్లు ఉన్నారు. ఆలస్యం చేస్తే జరిగే నష్టం అక్కడ పెద్దది. ఈ విషయంలో మీ వాదనే బలమైనది. నైట్‌షిఫ్ట్ గారికి ఆ తొందర లేదు.

పసుపుఅంచు (వరంగల్):

జరిగిన ట్రయల్స్ అన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ వాళ్ళ 2017 సమీక్ష చదివాను. 18 ట్రయల్స్ చూసి, ప్లగ్స్ వల్ల లక్షణాలు తగ్గుతాయో లేదో గట్టిగా చెప్పలేమని తేల్చారు. రుజువే సరిగా లేని దానికోసం బాగున్న రంధ్రాన్ని మూయడం ఎందుకు? డ్రాప్స్‌తో గడిచేవాళ్ళని వదిలేయొచ్చు కదా.

రెప్పచాటు:

ఆ సమీక్షలో ఒక్కో ట్రయల్‌ది ఒక్కో రకం ప్లగ్, ఒక్కో రకం రోగి, పోల్చింది కూడా ఒక్కోదానితో. అన్నీ కలిపితే తేలకపోవడం సహజం. తేలలేదు అన్నదాన్ని పనిచేయదు అని చదవకూడదు. అయితే మీ జాగ్రత్తకి ఊతమిచ్చే సంగతి ఒకటుంది. 2001లో జబ్బేమీ లేనివాళ్ళకి రంధ్రాలు మూసి చూస్తే కన్నీరు ఊరడమే తగ్గింది, కంటి స్పర్శ కూడా తగ్గింది. రెండు మూడు వారాల్లో చాలావరకు సర్దుకుంది. నీరు సరిపోయేవాళ్ళకి ఊరికే మూయకూడదని నేననేది అందుకే.

డల్లాస్ బాబాయ్:

ప్లగ్ పెట్టాలా వద్దా అన్నదానికంటే ఏ ప్లగ్ అన్నది ముందు అడగండి. లేసిక్ (కళ్ళజోడు అక్కర్లేకుండా చేసే లేజర్ ఆపరేషన్) తర్వాత కళ్ళు ఆరిపోతుంటే, ఇక్కడ ఒక క్లినిక్‌లో గొట్టం లోపలికి దింపే రకం పెట్టారు. పైకి టోపీ కనపడదు, గుచ్చుకోదు, బాగుందనుకున్నా. చాలాకాలం తర్వాత ముక్కుపక్క మూల ఎర్రగా ఉబ్బి, నొక్కితే చీము వచ్చేది. యాంటీబయాటిక్ వాడినంతసేపే తగ్గేది. చివరికి గొట్టాన్ని కోసి ఆ ముక్కని బయటికి తీశారు. లోపలికి దింపేవాటితో ఇలాంటి ఇన్‌ఫెక్షన్లు వస్తాయని పెట్టేముందు నాకెవరూ చెప్పలేదు. పైకి కనిపించే సిలికాన్ అయితే ఊడిపోవచ్చు, ఒరుసుకోవచ్చు గానీ తీయడం సులువు. ముందు కొలాజెన్ ప్లగ్ పెట్టించుకుంటే కొద్దిరోజుల్లో దానంతటదే కరిగిపోతుంది. ఆ నాలుగు రోజుల్లోనే హాయిగా ఉందో, చెంపలమీద నీళ్ళు కారుతున్నాయో మీకే తెలిసిపోతుంది.

నైట్‌షిఫ్ట్:

రెండో డాక్టరు రెప్ప నొక్కి చూశారు, తెల్లగా గట్టిగా వచ్చింది. మొదటిచోట నొక్కి చూడలేదు. ముందు కాపడం, రెప్పల వైద్యం చేయించుకుని, తగ్గకపోతే కొలాజెన్ అడుగుతాను. కాపడం ఎలా పెట్టాలి? రుమాలు ముంచి పెడితే చటుక్కున చల్లారిపోతోంది.

రెప్పచాటు:

రుమాలు నిమిషానికే చల్లారుతుంది. వేడి నిలిచే కంటి మాస్కు వాడండి, ఓర్చుకోగలిగినంత వేడి, పది నిమిషాలు. తీసిన వెంటనే రెప్పని అంచువైపుకి మెల్లగా నొక్కుతూ నిమరాలి, పైరెప్పని కిందికి, కిందిరెప్పని పైకి. రోజుకి రెండు పూటలా, కొన్ని వారాలు వదలకుండా చేయాలి. మీ డ్రాప్స్ సీసామీద బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఉందేమో చూడండి, అది మందు చెడకుండా కలిపే ప్రిజర్వేటివ్. రోజంతా వేసుకునేవాళ్ళు ప్రిజర్వేటివ్ లేనివి వాడాలి. రేపు ప్లగ్ పెట్టించుకుంటే ఇది మరీ ముఖ్యం, వేసిన మందు కంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది.

గోదావరిగట్టు:

అడగడం మరిచాను. అమ్మకి ఎడమకన్ను పై ప్లగ్ టోపీ ఈమధ్య కనపడడం లేదు. నొప్పేమీ లేదు. ఊడిపోయుంటుందా?

రెప్పచాటు:

ఊడిపోయి ఉండొచ్చు, అది మామూలే. కానీ లోపలికి జారిపోయి కూడా ఉండొచ్చు. స్లిట్ ల్యాంప్ (కంటి డాక్టర్ల మైక్రోస్కోపు) కింద చూపించకుండా, ఊడిందనుకుని అక్కడే కొత్తది పెట్టించకండి. ముక్కుపక్క వాపు, చీము, పుసులు కనిపిస్తే అదేరోజు తీసుకెళ్ళండి.