"శుక్రవారం వరకు పంపిస్తా" అంటే బై ఫ్రైడేనా, అంటిల్ ఫ్రైడేనా?

అందరికీ నమస్తే, చిన్న డౌట్. ఆఫీసు మెయిల్లో "ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ అంటిల్ ఫ్రైడే" అని రాశా. అవతలాయన "అంటే రోజూ ఒకటి పంపుతారా?" అని రిప్లై ఇచ్చాడు. వరకు అంటే అంటిలే కదండీ, తప్పెక్కడ?

— వరకు అంటే అంటిలే, అందులో తేడా లేదు. తప్పు తెలుగులోనే జరిగింది. "శుక్రవారం వరకు పంపిస్తా" అంటే మా అమ్మమ్మైనా రోజూ పంపుతావా అనే అడుగుద్ది. మీ మనసులో ఉన్నది "శుక్రవారానికల్లా", దానికి బై. ఈ ముక్క బళ్లో ఎవరూ ఎందుకు చెప్పరో గానీ, బై/అంటిల్ తేడా మనకి కల్లా, దాకా రూపంలో ఎప్పట్నుంచో ఉంది. "షాపు పదింటికల్లా తీస్తారు" బై టెన్, "పదింటిదాకా తియ్యరు" అంటిల్ టెన్. కాదు అన్నప్పుడు కూడా అచ్చం అలాగే సరిపోద్ది, వాక్యం ముందు తెలుగులో అనుకుని కల్లా పడుతుందా దాకా పడుతుందా చూస్కోండి, చాలు.

ఇబ్బందల్లా తెలుగులో రెంటికీ ఒకటే మాట ఉన్నచోట. లీవ్ లెటర్లో "ఫీవర్ సిన్స్ త్రీ డేస్" అని రాయనివాళ్లు మనలో ఎంతమంది? "సోమవారం నుంచి జ్వరం", "మూడ్రోజుల్నుంచి జ్వరం", మనకి రెండూ నుంచే. ఇంగ్లీషోళ్లు మాత్రం మొదలైన రోజు చెప్తే సిన్స్ మండే అని, ఎన్నాళ్లో లెక్క చెప్తే ఫర్ త్రీ డేస్ అని విడదీస్తారు. ఇక్కడ తెలుగు సాయం చెయ్యదు, గుర్తుపెట్టుకోవాల్సిందే.

— మరి "శుక్రవారం లోపు" అంటే వితిన్ ఫ్రైడే అనొచ్చా? మా టీమ్‌లో అందరూ అంటారు.

— అనకూడదు. వితిన్ పక్కన కొలత రావాలి, వితిన్ టూ డేస్ లాగా. ఇంకో తిరకాసు, "రెండ్రోజుల్లో ఇస్తా" అని ఇన్ టూ డేస్ రాస్తే వాళ్లు సరిగ్గా రెండ్రోజులయ్యాక అనుకునే అవకాశమే ఎక్కువ. రేపే ఇచ్చేసే వీలుంటే వితిన్ రాయండి.

— మధ్యలో దూరుతున్నా, కార్‌కి ఇన్ అంట, బస్సుకి ఆన్ అంట, ఇదేం న్యాయం? ఆన్ ద బస్ అంటే నాకు టాపెక్కి కూర్చున్నట్టే ఉంటది.

— లోపల లేచి నిలబడి నడవగలిగితే ఆన్: బస్సు, రైలు, విమానం. కార్, ఆటోకి ఇన్. అయినా మా తాతయ్య "రైలు మీద వచ్చా" అనేవాడు, టాపెక్కి మాత్రం కాదు.