గోల్డ్‌ఫిష్ ట్యాంక్‌లో నియాన్ టెట్రాలు, ఏంజెల్, సక్కర్ వేశాం, చేపలు మాయమైతున్నయ్

అందరికీ నమస్తే, మాది కరీంనగర్. మా పాప పుట్టినరోజుకి రెండడుగుల ట్యాంక్ కొన్నం (24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు), అందులో రెండు ఒరాండా గోల్డ్‌ఫిష్ వేసినం, మూడు నెలలు మంచిగనే ఉన్నయ్. పోయిన నెల మేత కోసం షాపుకి పోతే ఆయన, రెండు చేపలేంది బోసిగా ఉంటది, ఇవి కూడా వేస్కోండి ఏం కాదు అని ఎనిమిది నియాన్ టెట్రాలు, ఒక జత ఏంజెల్స్, గాజు మీద పాచి తింటదని ఒక సక్కర్ ఫిష్ ఇచ్చిండు, హీటర్ కూడా ఇచ్చి 27 డిగ్రీలు పెట్టమన్నడు. ఇప్పుడు నియాన్లు మూడే మిగిలినయ్, చచ్చిపోయినవి పైకి తేలింది కూడా చూడలే. ఒక గోల్డ్‌ఫిష్‌కి పక్కన పొలుసులు లేచి ఎర్రగైంది, రెండోదానికి మొప్పల మీద తెల్ల చుక్కలొచ్చినయ్. పాప స్కూల్ నుంచి రాంగనే ముందు చేపలే లెక్కపెడుతది. అసలు ఇవన్నీ కలిపి ఉంచొచ్చా? ఇప్పుడు ఏం చెయ్యాలె?

—

జవాబు:
నియాన్లు ఎక్కడికీ పోలేదు బ్రదర్, గోల్డ్‌ఫిష్ మింగేసింది. దాని నోట్లో పట్టేది ఏదైనా దానికి మేతే. నియాన్ పెరిగినా మూడు నాలుగు సెంటీమీటర్లే, రాత్రి లైట్ ఆపాక ఒకచోట కదలకుండా ఉంటాయి, అప్పుడే పని అయిపోతుంది. మిగిలిన మూడింటిని ఈరోజే వేరే దాంట్లోకి మార్చండి.

—

జవాబు:
అన్నా, నేను విజయవాడలో పద్నాలుగేళ్లుగా చేపలు పెంచుతున్నా, నేనూ మొదట్లో ఇదే చేసి ఒక మంచి ఒరాండాని పోగొట్టుకున్నా, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

ఎక్కడ చూసినా గోల్డ్‌ఫిష్ చల్లనీళ్ల చేప, మిగతావి వేడినీళ్ల చేపలు, అందుకే కలపకూడదు అని రాస్తారు. అది నిజమే, గోల్డ్‌ఫిష్‌కి 18 నుంచి 23 హాయి, ఏంజెల్‌కి 25 నుంచి 28 కావాలి. కానీ మన దగ్గర మే నెలలో ఇంట్లో ట్యాంక్ నీళ్లు ఊరికే 31, 32 అవుతాయి, గోల్డ్‌ఫిష్ అందులోనే బతుకుతోంది కదా, అందుకే షాపువాళ్లు ఏం కాదంటారు. వేడి ఒక్కటే అయితే గాలి బాగా కొట్టించి నెట్టుకురావచ్చు, మన ఇళ్లల్లో అసలు ఇబ్బంది వేరేచోట ఉంది.

మొదటిది మురికి. గోల్డ్‌ఫిష్‌కి కడుపు అనే సంచే ఉండదు, తిన్నది తిన్నట్టు పేగులోంచి పోతూ ఉంటుంది, ఎంత వేసినా ఇంకా కావాలన్నట్టు గాజు దగ్గరకొస్తుంది, మనం జాలిపడి వేస్తాం. ఆ మురికి అమ్మోనియా అవుతుంది. మీ ట్యాంక్ నిండా నింపినా 56 లీటర్లు, రాళ్లు తీసేస్తే యాభై కూడా ఉండదు, అది రెండు ఒరాండాలకే ఇరుకు, అందులో ఇంకో పదకొండు చేపలు. పైగా నీళ్లు వేడెక్కినకొద్దీ, పీహెచ్ (నీళ్ల క్షారగుణం) పెరిగినకొద్దీ అదే అమ్మోనియా ఎక్కువ విషం అవుతుంది, ఆక్సిజన్ ఏమో తగ్గుతుంది (20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా పట్టేది 30 దగ్గర ఏడున్నరే పడుతుంది). అంటే హీటర్ పెట్టి గోల్డ్‌ఫిష్‌కి రెండువైపులా కష్టం తెచ్చినట్టు.

రెండోది సక్కర్. ఆ పొలుసులు లేచిన చోటు దాని పనే అని నాకు గట్టి అనుమానం. సక్కర్ చిన్నప్పుడు పాచి తింటుంది, పెద్దదయ్యేకొద్దీ రాత్రిళ్లు గోల్డ్‌ఫిష్ ఒంటికి అతుక్కుని పైనున్న జిగురు గీకి తింటుంది, ఒరాండా బరువుగా నెమ్మదిగా ఈదుతుంది కాబట్టి తప్పించుకోలేదు. అర్ధరాత్రి దాటాక రెండింటప్పుడు ఒకసారి టార్చ్ వేసి చూడండి. పైగా అది అడుగు పైనే పెరిగే చేప. షాపులో రెండంగుళాలది చూసి మనకి తెలీదు.

తెల్ల చుక్కల గురించి కంగారుపడకండి, ముందు సరిగ్గా చూడండి. మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున మాత్రమే వరసగా ఉంటే అది మగది, ఈడుకొచ్చింది అంతే, మందు వెయ్యొద్దు. ఒంటినిండా తోకమీద కూడా ఉప్పు చల్లినట్టుండి, చేప రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటుంటే అప్పుడది వైట్ స్పాట్ రోగం.

ఇప్పుడైతే సక్కర్ని ఈరాత్రే తీసేయండి, ఏంజెల్స్‌ని షాపుకి తిరిగిచ్చేయండి, పుండైన గోల్డ్‌ఫిష్‌ని పెద్ద టబ్బులో ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టి లీటరుకి ఒక గ్రాము లెక్కన కల్లుప్పు వేరే కరిగించి పొయ్యండి. మెయిన్ ట్యాంక్‌లో ఉప్పు వద్దు, టెట్రాలకి పడదు. వారం పాటు మేత సగానికి తగ్గించి రెండురోజులకోసారి పాతిక శాతం నీళ్లు మార్చండి, ఫిల్టర్ స్పాంజ్‌ని మాత్రం కుళాయి కింద కడగొద్దు, తీసిన ట్యాంక్ నీళ్లలోనే పిండండి, ఆ స్పాంజ్‌లో ఉండే బ్యాక్టీరియానే అమ్మోనియాని తినేది.

—

జవాబు:
పైన అన్నగారు చెప్పింది చాలావరకు కరెక్టే, కానీ అసలు దేన్నీ కలపకూడదు అనుకోకండి. మాది వైజాగ్, మా ఇంట్లో నాలుగడుగుల ట్యాంక్‌లో కామెట్ గోల్డ్‌ఫిష్‌తో రోజీ బార్బ్‌లు ఆరు మూడేళ్ల నుంచి కలిసే ఉన్నాయండి. రోజీ బార్బ్ మన దేశపు చేపే, చల్లదనం తట్టుకుంటుంది, హీటర్ అక్కర్లేదు, నోట్లో పట్టని సైజుకి పెరుగుతుంది. కామెట్ చురుగ్గా ఈదుతుంది కాబట్టి సరిపోయింది, ఒరాండాతో మాత్రం నేను చెయ్యను, దాని పొడుగు రెక్కల్ని బార్బ్‌లు కొరుకుతాయి. టైగర్ బార్బ్ అయితే అసలే వద్దు.

—

జవాబు:
నేనుండేది డబ్లిన్‌లో. ఇక్కడ చలికాలం ఇల్లు 18 డిగ్రీలుంటే ఎక్కువ, గోల్డ్‌ఫిష్‌కి హీటరే లేదు, గప్పీల ట్యాంక్‌కి ఏడాదంతా 25లో హీటర్ నడవాలి, కాబట్టి రెండూ కలపాలనే ఆలోచనే రాదు. ఊళ్లో అమ్మావాళ్లింట్లో అన్నీ ఒకే వేడిలో ఉండటం చూసి నేనూ కలపొచ్చనుకున్నా, పైన చదివాక కారణం అర్థమైంది.

—

ప్రశ్న అడిగినాయన:
చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. రాత్రి టార్చ్ వేసి చూసిన, నిజంగనే సక్కర్ గోల్డ్‌ఫిష్ పక్కకి అతుక్కొని ఉంది, పాణం కొట్టుకున్నది. వెంటనే బకెట్లకి తీసిన. తెల్ల చుక్కలు మొప్పల మీదనే ఉన్నయ్, తోక మీద లేవు. ఏంజెల్స్ షాపాయన తీస్కుంటా అన్నడు, సక్కర్ తీస్కోడంట. మా ఊరి చెరువుల వదిలేయొచ్చా?

—

జవాబు:
వద్దన్నా, దండం పెడతా, చెరువులో మాత్రం వదలొద్దు. వలల్లో పడుతున్న దెయ్యం చేప అని పేపర్లలో వస్తుందే, అది ఈ సక్కరే, దాని ముళ్లకి వలలు చిరుగుతాయి, మన చేపల గుడ్లు తినేస్తుంది, ఒకసారి చెరువులో పిల్లలు పెట్టిందంటే తియ్యలేం. జాలర్లు దానివల్ల నిజంగా నష్టపోతున్నారు. మీ ఊళ్లో పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్లెవరైనా ఉంటే ఇవ్వండి, దొరికేదాకా టబ్బులో గాలి పెట్టి దోసకాయ ముక్క వేస్తూ ఉండండి, తింటుంది.