స్కూబల్ డాడ్జర్స్‌కి వెళ్తాడన్న భయంతో మనం ఎల్‌డ్రిడ్జ్‌ని ఇచ్చేయాలా?

నారింజ_నలుపు:
2025 డిసెంబర్‌లో బేస్‌బాల్ జట్లు ఆటగాళ్ల బేరాలు చేసుకునే వింటర్ మీటింగ్స్‌లో మనం భయపడ్డదే జరిగింది. న్యూయార్క్ మెట్స్ క్లోజర్ (ఆట చివర్లో బంతి విసిరి ఆధిక్యం కాపాడే పిచ్చర్) ఎడ్విన్ డియాజ్ మన ప్రత్యర్థి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి వెళ్లిపోయాడు. 3 ఏళ్లకు 69 మిలియన్ డాలర్లు. అప్పటి నుంచి మన శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ అభిమానుల్లో ఒకటే గోల. తర్వాతి వంతు డెట్రాయిట్ టైగర్స్ పిచ్చర్ తారిక్ స్కూబల్‌దట, డెట్రాయిట్ అతన్ని అమ్మకానికి పెడితే డాడ్జర్సే ఎగరేసుకుపోతారట, కాబట్టి అంతకంటే ముందే మనం మన కుర్ర బ్యాటర్ బ్రైస్ ఎల్‌డ్రిడ్జ్‌ని ఇచ్చి తెచ్చేసుకోవాలట.

నేను ఒప్పుకోను. స్కూబల్ గొప్పవాడు కాదని కాదు. 2024లో, 2025లో వరుసగా అమెరికన్ లీగ్ ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనిదే. ఈ ఏడాది ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు) 2.21, 241 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని ఔట్ చేయడం). కానీ అతని కాంట్రాక్టులో మిగిలింది 2026 సీజన్ ఒక్కటే. ఎల్‌డ్రిడ్జ్‌కి 21 ఏళ్లు, మొన్న సెప్టెంబర్‌లోనే మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. ఒక్క ఏడాది కోసం అలాంటి బ్యాటర్‌ని వదులుకుంటామా? అదీ పక్కవాడు కొనేస్తాడేమోనన్న టెన్షన్‌తో?

ఇంకో మాట. వాళ్ల దగ్గర డబ్బుంది, మన దగ్గర లేదు అనే ఏడుపు కూడా ఆపాలి. 2023 డిసెంబర్‌లో బంతీ వేసి బ్యాటూ పట్టే స్టార్ షోహెయ్ ఒహ్తానీకి డాడ్జర్స్ 10 ఏళ్లకు 700 మిలియన్లు ఇచ్చారు. దాదాపు అదే ఆఫర్ మేమూ ఇచ్చామని అప్పటి మన బేస్‌బాల్ ప్రెసిడెంట్ ఫర్హాన్ జైదీ బయటికే చెప్పారు. అయినా అతను మన వైపు రాలేదు. నిరుడు చలికాలం పిచ్చర్ బ్లేక్ స్నెల్‌కి డాడ్జర్స్ 5 ఏళ్లకు 182 మిలియన్లు ఇచ్చారు. మనం విల్లీ అడామెస్‌కి ఇచ్చింది 7 ఏళ్లకు అదే 182 మిలియన్లు. 2024 ఆగస్టులో మన జెర్సీలో నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) వేసిన స్నెల్ ఇప్పుడు వాళ్ల పిచ్చర్. అది నాకూ బాధే. కానీ డబ్బు లేక పోయాడని మాత్రం అనలేం.

ఫ్రీమాంట్_కుర్రాడు:
అన్నా, ఒక్కో కాంట్రాక్టు విడిగా పెట్టి చూస్తే నువ్వన్నది కరెక్టే. అన్నీ కలిపి చూడు.

నిరుడు చలికాలం డాడ్జర్స్ క్లోజర్‌గా టానర్ స్కాట్‌ని 4 ఏళ్లకు 72 మిలియన్లు పెట్టి కొన్నారు. సీజన్‌లో ఏకంగా 10 సేవ్‌లు (చివర్లో ఆధిక్యం కాపాడాల్సిన ఆటలు) చేజార్చాడు. కర్బీ యేట్స్‌కి 13 మిలియన్లు, అతనూ తేలిపోయాడు. మైకేల్ కన్‌ఫోర్టోకి 17 మిలియన్లు, బ్యాటింగ్ సగటు .199, ప్లేఆఫ్స్ జట్టులో చోటే దక్కలేదు. ఈ మూడింటిలో ఒక్క తప్పు మనం చేసినా రెండేళ్లు మూలుగుతాం. వాళ్లేం చేశారు? వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) గెలిచారు, గెలిచి డియాజ్‌ని కొన్నారు. స్కాట్, డియాజ్ ఇద్దరికీ కలిపి 141 మిలియన్లు. అసలు తేడా అక్కడుంది. మంచి ఆటగాడిని ఎవరైనా ఒకసారి కొనగలరు. తప్పు కొనుగోలు చేసి, దాని మీద ఇంకోటి కొనగలిగేది వాళ్లే.

జట్టు మొత్తం జీతాలు ఒక గీత దాటితే లీగ్‌కి కట్టే పన్ను లగ్జరీ టాక్స్, 2025కి ఆ గీత 241 మిలియన్ల దగ్గర ఉంది. దాన్ని వాళ్లు ఎంత దాటారంటే, కట్టాల్సిన పన్నే 169 మిలియన్లు. కొన్ని జట్ల మొత్తం ఆటగాళ్ల జీతాలు అంత ఉండవు. పై మెట్టులో ప్రతి అదనపు డాలరుకీ ఇంకో డాలరు పది సెంట్లు పన్ను. అంటే డియాజ్‌కి ఏడాదికి ఇచ్చే 23 మిలియన్లు వాళ్లకి దాదాపు 48 మిలియన్లు పడుతుంది. అయినా వెనకాడట్లేదు. 25 ఏళ్లకు 8.35 బిలియన్ డాలర్ల టీవీ ఒప్పందం చేతిలో ఉన్నవాళ్లు ఎందుకు వెనకాడతారు?

మన ఐపీఎల్‌లో చూడు, 2025 మెగా వేలంలో పది జట్లకీ పర్సు ఒకటే, 120 కోట్లు. పంత్‌కి 27 కోట్లు పెట్టిన లక్నో మిగతా చోట్ల చేయి బిగపట్టాల్సిందే. బేస్‌బాల్‌లో ఆ బిగింపు లేదు. ఇక పోటీ ఏంటి?

చావెజ్_రవైన్:
ఇర్వైన్ నుంచి డాడ్జర్స్ అభిమానిని. మీ గొడవలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నిజం చెప్పాలంటే ఫ్రీమాంట్ తమ్ముడి పాయింట్ నేను ఈ మధ్య విన్నవాటిలో బలమైనది. పన్ను లెక్క కరెక్టే. కానీ టొరంటోలో వరల్డ్ సిరీస్ ఏడో ఆట గుర్తు తెచ్చుకోండి. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్కోరు సమం చేసిన హోమ్ రన్ ఎవరిది? మిగెల్ రోహాస్‌ది. 2023 జనవరిలో మయామీ నుంచి పేరు పెద్దగా ఎవరికీ తెలియని ఒక కుర్రాడిని ఇచ్చి తెచ్చుకున్నాం. ఈ ఏడాది అతని జీతం 5 మిలియన్లు. పదకొండో ఇన్నింగ్స్‌లో గెలిపించిన విల్ స్మిత్ 2016 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) మేం ఎంచుకుని పెంచినవాడు. మాక్స్ మన్సీని ఓక్లాండ్ వద్దని వదిలేసింది. టామీ ఎడ్మన్ 2024 జులైలో ట్రేడ్‌లో (ఆటగాళ్ల మార్పిడి) వచ్చి, అక్టోబర్‌లో లీగ్ సిరీస్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు.

జపాన్ పిచ్చర్ యమమోటోకి 325 మిలియన్లు ఇచ్చాం, నిజమే. ఇంకో జపాన్ పిచ్చర్ సాసాకికి ఇచ్చింది 6.5 మిలియన్ల బోనస్. 25 ఏళ్లు నిండకుండా జపాన్ నుంచి వచ్చాడు కాబట్టి రూల్ ప్రకారం ఏ జట్టైనా చిన్న మొత్తమే ఇవ్వగలదు. అంటే అక్కడ డబ్బు పని చేయలేదు. అతను జట్టును చూసుకుని వచ్చాడు.

ఫ్రీమాంట్_కుర్రాడు:
భాయ్, సాసాకి ఉదాహరణ నా మాటకే బలం ఇస్తోంది. డబ్బుతో గెలుపు వచ్చింది, గెలుపు చూసి డబ్బు అక్కర్లేని వాళ్లూ వస్తున్నారు. మిగతా 29 జట్లు ఈ చక్రంలోకి ఎలా దూరాలి? రోహాస్ ఆ హోమ్ రన్ కొట్టే వరకు జట్టును బతికించింది ఎవరు? సిరీస్ ఎంవీపీ యమమోటో కదా.

కొత్తగా_చూస్తున్నా:
ఒక డౌట్. నేను క్రికెట్ మనిషిని, రెండేళ్లుగా మా ఆఫీసు వాళ్లతో జెయింట్స్ మైదానం ఒరాకిల్ పార్క్‌కి వెళ్తున్నాను. ఒహ్తానీకి 700 మిలియన్లు అంటారు, మళ్లీ ఏడాదికి 2 మిలియన్లే తీసుకుంటున్నాడంటారు. ఏది నిజం?

నారింజ_నలుపు:
రెండూ నిజమేనండీ. ఆడే పదేళ్లూ ఏడాదికి 2 మిలియన్లు. మిగతా 680 మిలియన్లు 2034 నుంచి 2043 వరకు ఏడాదికి 68 చొప్పున, వడ్డీ లేకుండా. డబ్బు విలువ కాలంతో తగ్గుతుంది కాబట్టి లగ్జరీ టాక్స్ లెక్కలో దాన్ని ఏడాదికి సుమారు 46 మిలియన్లుగా వేస్తారు. ఇది దొంగ లెక్క అని చాలామంది తిడతారు. నేను తిట్టను. ఈ ఏర్పాటు లీగ్ ఒప్పందంలోనే ఉంది, ఏ జట్టైనా వాడుకోవచ్చు. ఒహ్తానీకి ప్రకటనల ఆదాయం భారీగా ఉంది కాబట్టి జీతం కోసం ఆగగలడు. మామూలు ఆటగాడు అలా ఆగడు.

హేవర్డ్_అక్క:
మీరంతా డాడ్జర్స్ జేబు లెక్కలు చూస్తున్నారు. నేను మన జట్టు లెక్క చెబుతాను. 2023లో 79 గెలుపులు. 2024లో 80. 2025లో 81. ఏడాదికి ఒక్కటి పెరుగుతోంది. 2016 తర్వాత ప్లేఆఫ్స్‌కి వెళ్లింది 2021లో ఒక్కసారే. ఆ ఏడాది 107 గెలిచి కూడా 106 గెలిచిన డాడ్జర్స్ చేతిలో ప్లేఆఫ్స్ సిరీస్ ఐదో ఆటలో ఓడిపోయాం. ఇంకా ఎన్నాళ్లు ఓపిక పట్టమంటారు?

మన పిచ్చర్ లోగన్ వెబ్ కాంట్రాక్టు 2028 దాకా ఉంది, ఈ ఏడాది నేషనల్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ స్ట్రైకౌట్లు అతనివే. చాప్‌మన్, అడామెస్ ముప్పైల్లో పడ్డారు. ఆటగాళ్లకి వయసు ఆగదు కదా. జూన్‌లో బోస్టన్ నుంచి బ్యాటర్ డెవర్స్‌ని తెచ్చినప్పుడు అతనికి రావాల్సిన 250 మిలియన్లకు పైగా భారం మన వాళ్లే ఎత్తుకున్నారు. బస్టర్ పోజీ మన బేస్‌బాల్ ప్రెసిడెంట్ అయ్యాక వచ్చిన ధైర్యం అది. సగం దూరం వచ్చి ఆగిపోతే ఆ డబ్బంతా వృథా.

పైగా డెవర్స్ ఫీల్డింగ్‌లో ఫస్ట్ బేస్ స్థానంలో ఆడుతున్నాడు, 2033 దాకా ఇక్కడే ఉంటాడు. ఎల్‌డ్రిడ్జ్‌ది కూడా ఫస్ట్ బేసే. ఇద్దరినీ ఎక్కడ నిలబెడతారు? ఒకరు రోజూ బ్యాట్ మాత్రమే పట్టుకుని కూర్చోవాలి. స్కూబల్ పుట్టింది మా హేవర్డ్‌లో అని మీలో ఎంతమందికి తెలుసు? పెరిగింది అరిజోనాలో అయినా పుట్టిన చోటు ఇదే. వెబ్, స్కూబల్ వెనకా ముందూ వేస్తే ఐదు ఆటల సిరీస్‌లో మనల్ని ఏ జట్టు తేలిగ్గా తీసుకుంటుంది? నేనైతే ఇచ్చేస్తాను.

నారింజ_నలుపు:
అక్కా, మీరు చెప్పిన 79, 80, 81 నాకూ గుచ్చుకుంటోంది. ఫస్ట్ బేస్ ఇబ్బంది కూడా నిజమే. కానీ ఒక్క ఏడాది కోసం ఏస్‌ని (జట్టు మేటి పిచ్చర్) కొంటే ఏమవుతుందో ఈ మధ్యే చూశాం. 2024 ఫిబ్రవరిలో బాల్టిమోర్ మిల్వాకీ నుంచి కార్బిన్ బర్న్స్‌ని తెచ్చుకుంది. జోయీ ఓర్టిజ్, డీఎల్ హాల్, ఇంకా ఒక డ్రాఫ్ట్ పిక్ ఇచ్చారు. బర్న్స్ తన పని తాను చేశాడు. ప్లేఆఫ్స్ మొదటి ఆటలో 8 ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగే ఇచ్చాడు. బాల్టిమోర్ 1-0తో ఓడింది, మర్నాడూ ఓడింది, ఇంటికెళ్లింది. చలికాలం వచ్చేసరికి బర్న్స్ 210 మిలియన్లకు అరిజోనా వెళ్లిపోయాడు. 2025లో బాల్టిమోర్ తన డివిజన్‌లో ఆఖరి స్థానం. ఏస్ ఐదు రోజులకు ఒకసారే బంతి పట్టుకుంటాడు. మిగతా నాలుగు రోజులు కూడా మనమే ఆడాలి.

స్కూబల్ ఏజెంట్ స్కాట్ బోరాస్. ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు ముగిసి ఏ జట్టుకైనా వెళ్లే స్వేచ్ఛ) అంచులో ఉన్న ఆటగాడిని ముందుగానే సంతకం పెట్టించడం బోరాస్ పద్ధతి కాదు. అందుకే డాడ్జర్స్ కూడా ప్రాస్పెక్టులను (ఎదుగుతున్న కుర్రాళ్లను) గుమ్మరించరని నా నమ్మకం. ఏడాది ఆగితే ఆటగాళ్లెవరినీ ఇవ్వకుండా డబ్బు మాత్రమే ఇచ్చి తీసుకోవచ్చు.

ఈ పుకార్ల వల్ల లాభం ఎవరికో కూడా చూడండి. డాడ్జర్స్ అడుగుతున్నారు అన్న మాట వినిపిస్తే అమ్మే జట్టుకి ధర పెరుగుతుంది, ఏజెంటుకి వచ్చే ఏడాది బేరం పెరుగుతుంది. తొందరపడి ఇచ్చేసేది మనలాంటి వాళ్లం. 2022 డిసెంబర్‌లో యాంకీస్ బ్యాటర్ ఆరన్ జడ్జ్ మన జట్టుకే వస్తున్నట్టుందని ఒక రిపోర్టర్ రాసేశారు, నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. అతను యాంకీస్‌లోనే ఉండిపోయాడు. అదే నెల కార్లోస్ కొరియా అనే ఆటగాడితో మన 350 మిలియన్ల ఒప్పందం మెడికల్ టెస్టుల దగ్గర ఆగిపోయింది. మరుసటి ఏడాది ఒహ్తానీ టొరంటో విమానం ఎక్కాడని దేశమంతా ఆ విమానాన్నే ట్రాక్ చేసింది. అందులో అతను లేడు.

చావెజ్_రవైన్:
మా గ్రూపుల్లోనూ స్కూబల్ కోసం అంతా ఇచ్చేద్దామనే వాళ్లున్నారు. నేను వద్దనే అంటున్నాను. స్నెల్, గ్లాస్‌నౌ, యమమోటో, ఒహ్తానీ, సాసాకి ఉన్నాక ఇంకో పిచ్చర్ కోసం కుర్రాళ్లను ఖాళీ చేయడం అనవసరం. అయితే గ్లాస్‌నౌ ట్రేడ్ మాత్రం మీరు చూసి నేర్చుకోదగ్గది. 2023 డిసెంబర్‌లో టాంపా బేకి రయన్ పెపియో, జానీ డెలూకా ఇచ్చి తెచ్చాం. కానీ అతను 136.5 మిలియన్ల కొత్త కాంట్రాక్టుకి ఒప్పుకుంటేనే ట్రేడ్ అని ముందే షరతు పెట్టారు.

ఫ్రీమాంట్_కుర్రాడు:
ఆ షరతు పెట్టడానికి 136 మిలియన్లు సిద్ధంగా ఉండాలి భాయ్, మళ్లీ అక్కడికే వచ్చాం. సరే, స్కూబల్ విషయంలో నేను అక్క వైపు కాదు, అన్న వైపు కాదు. 2026 డిసెంబర్ 1కి ఆటగాళ్ల సంఘంతో లీగ్ ఒప్పందం ముగుస్తుంది. శాలరీ క్యాప్ (జట్టు జీతాలకు గరిష్ట పరిమితి) కావాలని ఓనర్లలో చాలామంది అంటున్నారు, సంఘం ససేమిరా అంటోంది. 1994లో ఇదే గొడవతో వరల్డ్ సిరీసే ఆగిపోయింది. 2021 డిసెంబర్‌లో మొదలైన లాకౌట్ (ఓనర్లే ఆటగాళ్లను ఆపేయడం) 99 రోజులు నడిచింది. వచ్చే చలికాలం స్కూబల్ బజారులోకి వచ్చే సమయానికి ఏ రూల్స్ ఉంటాయో ఎవరికీ తెలియదు. ఆగితే డబ్బిచ్చి తీసుకోవచ్చు అనే అన్న లెక్క అందుకే నాకు గట్టిగా కనిపించట్లేదు.

నారింజ_నలుపు:
ఇది మంచి పాయింట్ తమ్ముడూ. అందుకే నా షరతు స్పష్టంగా చెబుతాను. గ్లాస్‌నౌకి చేసినట్టు, ట్రేడ్‌కి ముందే స్కూబల్ పెద్ద కాంట్రాక్టుకి సంతకం పెడితే ఎల్‌డ్రిడ్జ్‌ని ఇవ్వడానికి నేనూ రెడీ. ఓనర్లు ఎంతైనా పెట్టుకోనీ. సంతకం లేకుండా మాత్రం వద్దు.

హేవర్డ్_అక్క:
బోరాస్ సంతకం పెట్టించడని మీరే అన్నారు కదా. అంటే మీ షరతుకి అర్థం వద్దనే. నేను అడిగేది కూడా చాలా దూరంగా ఏమీ లేదు. ఎల్‌డ్రిడ్జ్ కాకుండా మన మైనర్ లీగ్‌లోంచి మంచి పిచ్చర్లు ఇద్దరిని, ఇంకో కుర్రాడిని చూపించి డెట్రాయిట్‌ని ముందు అడగమనండి. బర్న్స్‌కి బాల్టిమోర్ ఇచ్చింది దాదాపు అంతే. వాళ్లు ఎల్‌డ్రిడ్జే కావాలని పట్టుబడితే అప్పుడు మళ్లీ ఇక్కడే కొట్టుకుందాం. అడగకుండానే మానేయమంటే మాత్రం నేను ఒప్పుకోను.