దయ గురించి చెబితే ఆడపిల్లలు ఏమని అర్థం చేసుకుంటున్నారు?

జ్ఞానోపదేశ టీచర్:
భద్రమైన అభ్యంగనానికి (విశ్వాసంలో బలపరిచే క్యాథలిక్ సంస్కారానికి) సిద్ధమవుతున్న 13, 14 ఏళ్ళ ఆడపిల్లలకు పోయిన ఆదివారం దయ గురించి పాఠం చెప్పాను. ఎప్పటిలాగే పునీత (సెయింట్) మరియ గొరెట్టి కథతో మొదలుపెట్టాను. తెలియనివారి కోసం చెబుతున్నాను: 1902లో ఇటలీలో పదకొండేళ్ళ పిల్ల ఆమె. అదే ఇంట్లో ఉండే అలెస్సాండ్రో సెరెనెల్లి అనే 20 ఏళ్ళ యువకుడు అత్యాచారం చేయబోతే ఎదిరించింది. అతను కత్తితో 14 పోట్లు పొడిచాడు. మర్నాడు ఆస్పత్రిలో ప్రాణం పోయే ముందు అతన్ని క్షమిస్తున్నానని చెప్పింది. పాఠం అయ్యాక ఒక పిల్ల నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది: "అయితే మేడమ్, ఎవరైనా మనల్ని ఇబ్బంది పెడితే ఇంట్లో చెప్పకూడదా?" ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ కథను దయ పాఠంలోంచి తీసేయాలా? మీరేమంటారు?

ఇద్దరు ఆడపిల్లల తల్లి:
తీసేయండి. పెద్దయ్యాక చెప్పుకోవచ్చు. ఇదే పాఠం మగపిల్లలకు చెప్పేటప్పుడు ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, ఖైదీలను పరామర్శించడం అంటాం. ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి ఓర్చుకోవడం, క్షమించడం మాత్రమే మిగులుతాయి. శ్రీసభ (క్యాథలిక్ చర్చి) నేర్పే దయాకార్యాలు 14 కదా, శరీరానికి సంబంధించినవి 7, ఆత్మకు సంబంధించినవి 7. అన్యాయాన్ని ఓర్పుతో భరించడం వాటిలో ఉంది, నిజమే. తప్పు చేసినవారిని సరిదిద్దడం కూడా అదే జాబితాలో ఉంది. దాన్ని ఎంతమంది టీచర్లు మా పిల్లలకు నేర్పుతున్నారు?

ఇంకొకటి. ఆ పిల్ల ఎందుకు అడిగిందో కనుక్కున్నారా?

రిటైర్డ్ ఉపాధ్యాయుడు:
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ కథ తీసేస్తే నష్టం మన పిల్లలకే. మనం దాన్ని సగమే చెబుతున్నాం, చిక్కు అక్కడుంది. ఆ అబ్బాయి అంతకుముందు కూడా ఆమెను వేధించాడు, ఎవరికైనా చెబితే చంపుతానని బెదిరించాడు. అందుకే ఆమె ఇంట్లో చెప్పలేదు. దాన్ని దయ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, అది ఒక పసిపిల్ల భయం. ఆ చివరి రోజు మాత్రం తనను పొడిచింది ఎవరో, ఎందుకో దాచకుండా చెప్పింది. నిజం చెప్పింది, క్షమించింది కూడా. రెండూ కలిసే ఉన్నాయి.

తర్వాతి సంగతి చూడండి. క్షమించింది కదా అని అతన్ని వదిలేయలేదు. 30 ఏళ్ళ శిక్ష పడింది, 27 ఏళ్ళు జైల్లో ఉన్నాడు. మొదట్లో పశ్చాత్తాపమే లేని మనిషి అక్కడే మారాడు. బయటికి వచ్చాక ఆమె తల్లి అస్సుంత దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడిగాడు, ఆ తల్లి క్షమించింది. 1950లో మరియకు పునీత పట్టం ఇచ్చినప్పుడు ఆ తల్లి అక్కడే ఉంది. ఆమె దయ వల్ల జైలు తలుపు తెరుచుకోలేదు, తెరుచుకోవాలని ఎవరూ అనలేదు కూడా. ఈ భాగం చెబితే ఆ పిల్లకు ఆ సందేహమే రాదు.

ఇద్దరు ఆడపిల్లల తల్లి:
సార్, మీరు చెప్పినట్టు చెప్పగలిగే టీచర్ ఉంటే నాకు అభ్యంతరం తక్కువే. కానీ 13 ఏళ్ళ పిల్లకు ఇందులో గుర్తుండేది కత్తి, క్షమాపణ. మధ్యలో జైలు గుర్తుండదు. పైగా బతికి బయటపడిన పిల్లలు తాము ఏదో తక్కువ అనుకునే ప్రమాదం ఉంది. అది మాత్రం నేను ఒప్పుకోలేను.

గురువిద్యార్థి (ఫాదర్ కావడానికి చదువుతున్నవాడు):
ఒక్క మాట. రెండవ జాన్ పాల్ పోపు గారు 1980లో దేవుని కనికరం మీద రాసిన విశ్వలేఖలో (శ్రీసభ అంతటికీ పంపే బోధనా లేఖలో), క్షమించడమంటే న్యాయాన్ని పక్కన పెట్టడం కాదని స్పష్టంగా చెప్పారు. చేసిన కీడును సరిదిద్దాలి, నష్టాన్ని పూడ్చాలి. పాపసంకీర్తనంలో (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడంలో) కూడా అంతే కదా, దొంగిలించినది తిరిగి ఇవ్వాలి. క్షమించినవారు ఫిర్యాదు చేయకూడదనే నియమం శ్రీసభ బోధలో ఎక్కడా లేదు.

పేరు చెప్పడం ఇష్టం లేదు:
నాకు 15 ఏళ్ళప్పుడు ఒక పెద్దమనిషి గురించి చెబితే, "క్షమించేయమ్మా, ఆయనకూ కుటుంబం ఉంది" అన్నారు. ఆయన మీద చూపించమన్న దయలో పదోవంతు కూడా నా మీద ఎవరూ చూపించలేదు. విశ్వాసం వదల్లేదు. కానీ ఆ మాట వింటే ఇప్పటికీ గుండె దడ వస్తుంది. టీచర్ గారూ, పిల్లలకు ఇది చెప్పండి: దెబ్బ తిన్నవారి పక్కన నిలబడటమే మొదటి దయ. యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు దొంగలు కొట్టి గాయపరిచిన మనిషి దగ్గరే ఆగాడు, దొంగలను వెతుక్కుంటూ పోలేదు.

జ్ఞానోపదేశ టీచర్:
మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఈసారి పాఠం సమరయుడితోనే మొదలుపెడతాను. తర్వాత క్యాథరిన్ మెకాలీ గురించి చెబుతాను. ఆమె తనకు వారసత్వంగా వచ్చిన డబ్బుతో డబ్లిన్‌లో 1827లో పేద ఆడపిల్లలకు చదువు, పని, నీడ దొరికే ఇల్లు తెరిచింది. దానికి దయాగృహమనే పేరు పెట్టింది. మరియ గొరెట్టిని వదలను, కానీ సార్ చెప్పినట్టు మొత్తం చెబుతాను, తల్లులను కూడా కూర్చోబెట్టి చెబుతాను.

ఆ పిల్ల సంగతి అడిగారు కదా అమ్మా. సోమవారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. వివరాలు ఇక్కడ రాయను. వాళ్ళమ్మకు ఇప్పుడు అంతా తెలుసు. ఫిర్యాదు ఇచ్చారు, నేనూ పక్కనే ఉన్నాను.