రొయ్యల చెరువు బోటు: జాయ్‌స్టిక్ వెనక్కి లాగితే బోర్డు రీసెట్ అవుతోంది

కావలి_కుర్రోడు
అన్నలూ, మా నాయన చెరువులో మేత చల్లడానికి చిన్న బోటు చేస్తున్నా. 12 వోల్టుల మోటార్లు రెండు, ఆర్డునో ఊనో (ప్రోగ్రాం రాసి పెట్టే చిన్న కంట్రోలు బోర్డు), నాలుగు రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్‌ల) బోర్డు, మామూలు జాయ్‌స్టిక్ మాడ్యూల్. ముందుకు బాగానే పోతుంది. పుల్ల వెనక్కి లాగగానే రిలే టక్కుమంటుంది, ఊనో బోర్డు రీసెట్ అవుతుంది. జాయ్‌స్టిక్ వైరు గట్టు మీద నుంచి 20 మీటర్లు లాగొచ్చా? బ్యాటరీ ఎంతది కావాలి?

ఒంగోలు_వైండింగ్
ఇరవై ఏళ్లుగా మోటార్లు చుడుతున్నా. ఇది బ్యాక్ ఈఎంఎఫ్, అంటే మోటారు వెనక్కి తన్నే వోల్టేజీ. మోటారు రెండు వైర్ల మధ్య 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) వెయ్యి, దాని మీది గీత ప్లస్ వైపు. పని అయిపోతుంది.

చీమకుర్తి_క్రేన్
తమ్ముడూ, ఆ డయోడ్ వేయొద్దు! మోటారు వెనక్కి తిరగాలంటే ప్లస్, మైనస్ తారుమారు కావాలి. అప్పుడు ఆ డయోడ్ గుండానే బ్యాటరీ షార్ట్ అవుతుంది. డయోడ్ కాలుతుంది, లేదా రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి.

ఒంగోలు_వైండింగ్
నేను వేసినవి ఒక్కటీ కాలలేదు. చదువుకున్నోళ్లు కాగితం మీద చెప్తారు, నేను చేత్తో చేసి చెప్తున్నా.

చీమకుర్తి_క్రేన్
నేనూ గ్రానైట్ క్వారీలో చేత్తో చేసేవాడినే. మీరు వేసిన మోటార్లు రెండు వైపులా తిరిగేవా? అది చెప్పండి ముందు.

సింగరాయకొండ_ఆక్వా
మీ గొడవ మీదే గానీ, ఉప్పునీటి సంగతి ఎవరూ ఎత్తరేం? నా ఫీడర్‌లో రాగి జాయింట్లన్నీ రెండు నెలల్లో చిలుము పట్టాయి. టేపు చుడితే చాలదు. సోల్డర్ పెట్టి, పైన వార్నిష్ పూయాలి. ఇంకో మాట, బోటు ఒకే దారిన తిరిగితే మేతంతా ఒకేచోట పడుతుంది. చెక్ ట్రేలు (మేత మిగిలిందా అని చూసే పళ్లాలు) చూసుకో.

ఒంగోలు_వైండింగ్
వార్నిష్ మాట నిజం. క్రేన్ తమ్ముడూ, నావి ఒకవైపు తిరిగే పంపులు. రెండు వైపులా అయితే నువ్వన్నది కరెక్టే. కానీ ఆ మాట మర్యాదగా చెప్పొచ్చు.

చీమకుర్తి_క్రేన్
తప్పుగా అనుకోవద్దన్నా. పిల్లవాడు డబ్బులు పెట్టి కొన్నవి కాలిపోతాయని కంగారుపడ్డా. డయోడ్ ఉండాల్సింది రిలే కాయిల్ మీద, అది రిలే బోర్డులోనే ఉంటుంది. మోటారుకు 104 అని రాసుండే (0.1 మైక్రోఫారడ్) సిరామిక్ కెపాసిటర్ చాలు. వైరింగ్ ఇలా: మోటారుకు రెండు రిలేలు. ఒక్కో రిలే కామన్ నుంచి మోటారు ఒక్కో వైరుకు. ఎన్ఓ (రిలే ఆన్ అయితే కామన్‌తో కలిసేది) బ్యాటరీ ప్లస్‌కు, ఎన్‌సీ (ఆఫ్‌లో కలిసి ఉండేది) మైనస్‌కు. రెండూ ఆఫ్‌లో ఉన్నా, పొరపాటున రెండూ ఆన్ అయినా షార్ట్ కాదు, మోటారు ఆగుతుంది.

నెల్లూరు_ఈసీఈ
రిలేలు పాత పద్ధతి. బీటీఎస్7960 మోటారు డ్రైవర్ బోర్డు పెట్టు, స్పీడు కూడా తగ్గించుకోవచ్చు.

చీమకుర్తి_క్రేన్
అతను అడిగింది రిలే గురించి!

నెల్లూరు_ఈసీఈ
సరే, రిలేకే చెప్తా. 5 వోల్టుల రిలే కాయిల్ ఒక్కోటి 70 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. రిలే బోర్డుకు కరెంటు ఊనో 5వీ పిన్ నుంచే ఇస్తున్నావా? ఊనోకు 12 వోల్టులు ఇస్తున్నావా? అయితే దాని మీది, 12ను 5 వోల్టులు చేసే రెగ్యులేటర్ కాగిపోతుంది. విడిగా బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే చిన్న బోర్డు) పెట్టు. జాయ్‌స్టిక్ వదిలేస్తే ఊనో చదివే అంకె సరిగ్గా మధ్యలో, అంటే 512 రాదు, అటూ ఇటూ ఊగుతుంది. 400 నుంచి 620 దాకా ఏదీ కదలకూడదని ప్రోగ్రాంలో రాయి. ముందు నుంచి వెనక్కి మారేటప్పుడు అర సెకను ఆపు. తిరుగుతున్న మోటారును ఒక్కసారిగా తిప్పితే కరెంటు విపరీతంగా లాగుతుంది.

కావలి_కుర్రోడు
అవునన్నా, 5వీ పిన్ నుంచే ఇచ్చా. బక్ కన్వర్టర్ పెట్టి, అర సెకను ఆపా. రాత్రి బకెట్ నీళ్లలో గంటసేపు తిప్పా, ఒక్కసారి కూడా రీసెట్ కాలేదు! నాయన కూడా చూశాడు. మరి 20 మీటర్ల వైరు?

సింగరాయకొండ_ఆక్వా
చెరువులో వైరు లాగొద్దు అబ్బాయా. నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ రెక్కలకు చుట్టుకుంటుంది. రేడియో మాడ్యూల్ పెట్టుకో.